నాణెమునకు తరము కట్టుట

నాణెమునకు రెండు జీవితములు కలవు. మొదటిది బజారులోనిది. అక్కడ నిన్న టంకశాల నుండి వెలువడిన రూపాయికిని, పదేండ్లుగా వేయి చేతులు మారి ముఖము చెరిగిన రూపాయికిని విలువలో భేదము లేదు. రెండింటికిని ఒకే సరకు వచ్చును. రెండవది సేకర్త పెట్టెలోనిది. అక్కడ వెండ్రుకవాసి గీత యొకటి వేల రూపాయల వ్యత్యాసమునకు కారణమగును. ఈ రెండవ జీవితమున నాణెము ఎట్టి స్థితిలో నున్నదో పరీక్షించి, దానికొక అంకె నిర్ణయించి, గాజువలె తేటగా నుండు ప్లాస్టిక్ పెట్టెలో బిగించి యిచ్చు సంస్థలు గడచిన నలువది యేండ్లలో అమెరికాలో వృద్ధి చెంది, ప్రపంచమంతట వ్యాపించినవి. పైకి చూచుటకు ఇది ధనికుల వినోదమునకు సంబంధించిన సంగతిగా తోచును. కాని ఒక వస్తువులోని మంచిచెడ్డల నన్నింటిని ఒక్క అంకెలోనికి కుదించుట సాధ్యమా, సాధ్యమైనచో ఆ అంకెను ఎంతవరకు నమ్మవచ్చును అను ప్రశ్న అందులో ఇమిడియున్నది. ఏటేట పరీక్షలు ముగిసిన పిదప జవాబు కాగితముల కట్టలు ముందిడుకొని కూర్చుండు ఉపాధ్యాయులకును, ఆ కట్టలలో తమ కాగితమునకు ఏ అంకె పడునో అని ఎదురుచూచు విద్యార్థులకును ఆ ప్రశ్న పరాయిది కాదు.

తెలుగునాట ఈ పనికి తగిన మాట ఎప్పటినుండియో యున్నది. రెవిన్యూ సెటిల్మెంటు చేయు ఉద్యోగులు పొలము మన్నును, నీటి వసతిని పరీక్షించి శిస్తు నిర్ణయించుటకు 'తరము కట్టుట' యని పేరు. బంగారమునకు వన్నె చూచుటకు గీటురాయి యుండెను. నాణెమును పరీక్షించుటయు కొత్త విద్య కాదు. కౌటిల్యుని అర్థశాస్త్రమున 'రూపదర్శకుడు' అను ఉద్యోగి కలడు. ప్రజల చేతులలో తిరుగు నాణెములను, రాజు బొక్కసమునకు చేరు నాణెములను పరీక్షించి ఏవి చెల్లునో, ఏవి చెల్లవో తీర్పు చెప్పుట అతని పని. ఆ పరీక్షకు నూటికి ఎనిమిదవ వంతు రుసుము కూడ అందు విధింపబడినది. తరువాతి కాలమున షరాబులు ఆ విద్యను చేపట్టిరి. వారు రూపాయిని రాతిపై మోగించి ధ్వని వినిరి, తూచిరి, అరుగుదలను బట్టియు, ముద్రను బట్టియు వట్టము తీసిరి. పలు సంస్థానముల నాణెములు, పలు తూకముల నాణెములు కలిసి తిరిగిన దినములలో షరాబు లేక వర్తకము సాగలేదు. 1835లో ఈస్టిండియా కంపెనీ 180 గ్రెయినుల తూకము, అందు 165 గ్రెయినుల మేలిమి వెండి గల ఒకే రూపాయిని తన పాలనలోని ప్రాంతములన్నింటికి ఏర్పాటు చేసిన పిదప ఆ వట్టపు వ్యాపారము క్రమముగా సన్నగిల్లెను.

అయితే రూపదర్శకుడును, షరాబును చూచినది లోహమును. నాణెము అందముగా నున్నదా, దాని నిగ్గు చెడలేదా అను విచారము వారికి లేదు. ఆ విచారము నాణెము డబ్బుగా గాక సేకరించదగిన వస్తువుగా మారిన పిదప పుట్టినది. అప్పుడు తూకమును త్రాసు చెప్పును. మేలిమిని గీటురాయి చెప్పును. అందమును చెప్పుటకు మాత్రము మనుష్యుని కన్ను తప్ప వేరు సాధనము లేదు. ఇబ్బంది యంతయు అక్కడనే మొదలైనది.

మొదట సేకర్తలును వర్తకులును మాటలతో తరము చెప్పుకొనిరి. 'మంచిది', 'చాల మంచిది', 'మేలైనది', 'మిక్కిలి మేలైనది', 'వాడుక సోకనిది' అని కొన్ని విశేషణములు వాడుకలోనికి వచ్చినవి. విశేషణమునకు ఎల్లలు లేవు. కొనునప్పుడు 'మంచిది' మాత్రమే యైన నాణెము, అదే వర్తకుడు అమ్మునప్పుడు 'మేలైనది' యగుచుండెను. దూరదేశమునుండి జాబు వ్రాసి తెప్పించుకొను సేకర్తకు, పెట్టె విప్పి చూచువరకు తాను దేనిని కొన్నాడో తెలియదు. మాటలు ఇట్లు సాగిపోవుచుండుట చూచి అంకెలు వచ్చినవి.

అంకెలు తెచ్చినవాడు విలియం హెచ్. షెల్డన్ అను అమెరికా దేశపు మనస్తత్వ శాస్త్రజ్ఞుడు. ఆ దేశపు తొలినాటి రాగి సెంట్లను గూర్చి అతడు 1949లో ఒక గ్రంథము ప్రకటించి, అందులో 1 మొదలు 70 వరకు గల మానమును ప్రతిపాదించెను. దాని తర్కము సులభమైనది. ఏ ముద్రకు చెందినదో గుర్తించుటకు మాత్రమే వీలైనంతగా అరిగిన సెంటు వెల ఒక డాలరైనచో, అదే రకమునకు చెంది, ఏ లోపము లేని సెంటు వెల డెబ్బది డాలర్లు. నడుమనున్న అంకెలు నడుమనున్న వెలలు. అనగా ఆ అంకె మొదట అందమునకు కొలత కాదు. ఆనాటి బజారు ధరల నిష్పత్తి. కొలది కాలములోనే ధరలు మారి ఆ నిష్పత్తి చెదిరిపోయినది. మేలైన నాణెముల వెల అరిగిన వాని వెలకు డెబ్బది రెట్లతో ఆగక వందల రెట్లకు పెరిగెను. పునాది పోయినను గోడ నిలిచినది. నూరు కాదు, పది కాదు, డెబ్బదియే పరమావధి యేల అని ఈనాటి విద్యార్థి అడిగినచో చెప్పదగిన కారణము ఇంతే: ఒకప్పుడు ఒక రాగి సెంటు ధర అట్లుండెను.

షెల్డన్ గూర్చి మరి రెండు సంగతులు తెలిసికొనదగినవి. నాణెములకు అంకెలు వేయుటకు ముందే అతడు మనుష్యులకు అంకెలు వేసెను. 1940లో ప్రకటించిన గ్రంథమున మానవ దేహములను మూడు లక్షణములుగా విభజించి, ఒక్కొక్క లక్షణమునకు 1 మొదలు 7 వరకు అంకె నిచ్చి, మూడంకెలతో ప్రతి మనుష్యుని దేహమును వర్ణింపవచ్చుననెను. దేహపు అంకెను బట్టి స్వభావము కూడ తెలియుననెను. నాణెముల పుస్తకము వెలువడిన 1949వ సంవత్సరముననే, నేరముల పాలైన యువకుల దేహములను ఈ పద్ధతిని పరీక్షించి వ్రాసిన మరియొక పుస్తకమును ప్రకటించెను. మనుష్యుని స్వభావము అతని దేహముపై వ్రాసియుండునను ఆ సిద్ధాంతమును తరువాతి శాస్త్రజ్ఞులు నిరాకరించిరి. మనుష్యుల విషయమున విఫలమైన ఆ అంకెల మోజు నాణెముల విషయమున మాత్రము నేటికిని రాజ్యమేలుచున్నది.

రెండవది మరింత విచారకరమైనది. న్యూయార్కు నగరమునందలి అమెరికన్ న్యూమిస్మాటిక్ సొసైటీ భాండారములో జార్జి హెచ్. క్లాప్ అను దాత సమర్పించిన రాగి సెంట్లు ఉండెను. పరిశోధకుడుగా వానిని చూచుటకు అనుమతి పొందిన షెల్డన్, మేలైన నాణెములను తీసికొని, వాని స్థానమున అదే రకమునకు చెందిన తక్కువ తరపు నాణెముల నుంచెనని అతడు 1977లో మరణించిన తరువాత బయటపడెను. 1990 దశకమున ఈ విషయము న్యాయస్థానములకెక్కి, ఆ నాణెములు సొసైటీవేనని స్థిరపడెను. తరము కట్టుటకు కొలబద్ద చేసి యిచ్చినవాడే తరము మార్చి నాణెములను అపహరించెను. ఈ దొంగతనమును పట్టి యిచ్చినది ఏమి? పాత ఛాయాచిత్రములలో కనిపించిన చిన్న చిన్న నొక్కులు, మచ్చలు, గీతలు. తరము కట్టువాడు ఏ మచ్చను చూచి అంకె తగ్గించునో, ఆ మచ్చయే ఆ నాణెము ఇంటిపేరు చెప్పినది. నాణెముపైని గాయము లోపము మాత్రమే కాదనియు, సాక్ష్యము కూడననియు ఈ కథవలన తెలియుచున్నది.

మానము ఏర్పడినను దానిని వర్తింపజేయు పెద్దలు చాలకాలము లేరు. 1891లో స్థాపింపబడిన అమెరికన్ న్యూమిస్మాటిక్ అసోసియేషన్ 1972లో నాణెములు అసలైనవా, నకిలీవా యని పరీక్షించు శాఖను నెలకొల్పెను. 1977లో తరముల లక్షణములను వివరించు ప్రమాణ గ్రంథమును ప్రకటించెను. 1979లో తానే తరము కట్టి ధృవపత్రము లిచ్చుటకు ఆరంభించెను. కాని పత్రము వేరు, నాణెము వేరు. మంచి నాణెమునకు వచ్చిన పత్రమును చెడ్డ నాణెమునకు జతపరచుట మోసగాండ్రకు కష్టము కాలేదు. 1986లో ప్రొఫెషనల్ కాయిన్ గ్రేడింగ్ సర్వీస్ అను సంస్థ పని ప్రారంభించి ఈ లొసుగును మూసివేసెను. అది నాణెమును, అంకెను ఒకే ప్లాస్టిక్ పలకలో నుంచి, ధ్వని తరంగముల వేడిమితో అంచులను అతికి, పగులగొట్టనిదే తెరువ వీలులేకుండ చేసెను. మరుసటి సంవత్సరము న్యూమిస్మాటిక్ గ్యారంటీ కార్పొరేషన్ అను సంస్థ వెలసెను. నేటికిని ఈ రెండే ఈ వృత్తిలో ప్రధానమైనవి.

వారు తరము కట్టు విధము ఇట్లుండును. నాణెము చేరినంతనే యజమాని పేరు తీసివేసి, సంఖ్య మాత్రమే మిగిల్చి పరీక్షకుల ముందుంతురు. పరీక్షా కాగితమునకు విద్యార్థి పేరు లేకుండ కోడు సంఖ్య వేయుటకు ఇదియే కారణము. మొదట నాణెము అసలైనదేనా అని చూతురు. పిమ్మట ఒకరికన్న ఎక్కువమంది పరీక్షకులు, ఒకరి తీర్పు మరియొకరికి తెలియకుండ, దీపపు వెలుతురున నాణెమును వంచి త్రిప్పి చూచి అంకెలు వేయుదురు. అభిప్రాయభేదము వచ్చినచో పైవారు తుది అంకె నిర్ణయింతురు.

వారు చూచునవి ఏవి? 1 మొదలు 58 వరకు గల అంకెలు చేతులు మారి అరిగిన నాణెములవి. అందు ముఖ్యమైనది అరుగుదల. 1878లో మొదలైన మార్గన్ వెండి డాలరును దృష్టాంతముగా గైకొనవచ్చును. దాని బొమ్మవైపు స్వాతంత్ర్యదేవి శిరస్సు, బొరుసువైపు గ్రద్ద యున్నవి. ముద్రలో ఎత్తుగా నున్న భాగములే మొదట అరుగును గనుక, దేవి చెవిపైని కురులు, గ్రద్ద రొమ్ముమీది యీకలు ఎంతవరకు నిలిచియున్నవో చూతురు. 60 మొదలు 70 వరకు గల పదకొండంకెలు అరుగుదల యెరుగని నాణెములకు కేటాయింపబడినవి. అక్కడ చూడవలసినవి నాలుగు: టంకశాల సంచులలో నాణెములు ఒకదానినొకటి రాచుకొనుటచే కలిగిన గీతలు, నొక్కులు; అచ్చు ఎంత గట్టిగా పడినది; నిగ్గు ఎట్లున్నది; మొత్తముమీద కంటికి ఇంపుగా నున్నదా లేదా. మొదటి దానిని లెక్కింపవచ్చును. రెండవ దానిని పోల్చి చెప్పవచ్చును. మూడవ దానిని అనుభవజ్ఞుడు గుర్తింపగలడు. నాలుగవ దానికి ఏ కొలత కలదు?

ఈ విద్యలో సూక్ష్మత లేదని తలచుట పొరపాటు. అచ్చు బలముగా పడక చెవిపైని కురులు చదునుగా నున్న నాణెమును అనుభవము లేనివాడు అరిగినదనుకొనును. న్యూ ఆర్లియన్సు టంకశాలలో అచ్చయిన మార్గన్ డాలర్లలో ఇట్టివి పెక్కు కలవు. అరిగిన చోట నిగ్గు పోవును. అచ్చు పడని చోట నిగ్గు పోదు. నిగ్గు అనగా పూత కాదు. అచ్చు దెబ్బకు లోహము నడుమనుండి అంచునకు ప్రవహించినప్పుడు ఏర్పడు అతి సన్నని గీతలపై వెలుతురు పడి, నాణెమును త్రిప్పినప్పుడు బండిచక్రపు ఆకులవలె తిరుగును. ఆ గీతలు ఒకసారి చెరిగినచో మరల రావు. కావుననే నాణెమును తోమినవాడు దానిని బాగుచేసినవాడు కాడు. ఇత్తడి చెంబును తోమినట్లు చింతపండుతోను, బూడిదతోను పాతనాణెములను తోమి తళతళలాడించు అలవాటు తెలుగు ఇండ్లలో కొల్లగా కలదు. చింతపండులోని ఆమ్లము చిలుముతో పాటు ముద్రపైని లోహపు పొరను కూడ తినివేయును. అట్టి నాణెము అమెరికా సంస్థలకు చేరినచో దానికి అంకె యియ్యరు; 'శుభ్రపరుపబడినది' అని కారణము వ్రాసి పంపుదురు. పాఠశాలలో నాణెముల సంఘము నడపు ఉపాధ్యాయుడు విద్యార్థులకు మొట్టమొదట నేర్పవలసిన పాఠము ఇదియే.

ఈ సంస్థలవలన మేలు జరుగలేదని ఎవరును అనజాలరు. నకిలీ నాణెములు సామాన్యుని చేతికి చేరకుండ అవి చాలవరకు అడ్డుపడినవి. వేయి మైళ్ల దూరమునున్న కొనుగోలుదారునకును, అమ్ముదారునకును ఉమ్మడి భాష ఏర్పడినది. వర్తకుని నోటిమాటకు లోబడియుండిన కొత్త సేకర్తకు ఒక అండ దొరికినది. తప్పు తరము కట్టినట్లు తేలినచో పరిహారము చెల్లింతుమని ఆ సంస్థలు హామీ నిచ్చుట కూడ మెచ్చదగినది. తూనికరాళ్లపై సర్కారు ముద్ర ఎంత అవసరమో, బజారులో ఇట్టి మధ్యవర్తియు అంత అవసరము.

చిక్కు ఎక్కడనగా, అంకె వచ్చినంతనే కన్ను మూతపడుచున్నది. కొన్ని రకముల నాణెములకు 64కును 65కును నడుమ ధర రెండింతలు, మూడింతలు కూడ పెరుగును. ఆ రెండింటిని ప్రక్కప్రక్కన పెట్టినచో, అంకెను కప్పివేసినచో, ఏది ఏదియో చెప్పలేనివారు సేకర్తలలో పెక్కురు. పరీక్షకులే ఒకే నాణెమునకు వేరువేరు దినములలో వేరువేరు అంకెలు వేయుట కలదు. ఇది వారి దోషము కాదు. కంటితో చేయు కొలత స్వభావమే అది. కాని ఈ అస్థిరతయే వ్యాపారమైనది. 64 పొందిన నాణెమును పెట్టె పగులగొట్టి తీసి, మరల పంపి, 65 వచ్చువరకు ప్రయత్నించువారున్నారు. తగ్గినప్పుడు ఊరకొని, పెరిగినప్పుడు నిలుపుకొనుటచే, కాలక్రమమున అంకెలు పైకే జరుగుచున్నవను మాట వర్తకులలో సాధారణమైనది. ఒకనాటి విశేషణములకు పట్టిన గతియే అంకెలకును పట్టుచున్నదన్నమాట. 1990లో ఈ తీర్పును కంప్యూటరునకు అప్పగింప యత్నము జరిగినది గాని అది వాడుకలో నిలువలేదు. 2007లో, ఆ రెండు ప్రధాన సంస్థలలో రెండవ దానిని నెలకొల్పిన జాన్ ఆల్బనీస్ అనువాడే మరియొక సంస్థను స్థాపించి, ఇతరులు కట్టిన తరము సరియైనదని తోచినచో ఆ పెట్టెపై ఆకుపచ్చని చీటీ యంటించుట మొదలిడెను. పరీక్షకుని పరీక్షించు పరీక్షకుడు అవసరమైనప్పుడు, మొదటి పరీక్షపై నమ్మకము ఎంత మిగిలినదో ఊహింపవచ్చును. ఇక నకిలీ నాణెములతో పాటు నకిలీ పెట్టెలును బజారునకు వచ్చినవి.

అంకె విడ్డూరములు ఇంకను కలవు. 58 పొందిన నాణెము ఒకటి రెండు చోట్ల మాత్రము లేశమైన అరుగుదల తగిలి, మిగిలినంతయు నిండు నిగ్గుతో మనోహరముగా నుండవచ్చును. 60 పొందిన నాణెము చేతులు మారకపోయినను సంచిలో దెబ్బలు తిని వికారముగా నుండవచ్చును. అయినను అంకెలలో రెండవదే పెద్దది. నేటి టంకశాలలు సేకర్తల కొరకే అచ్చు వేయు వెండి నాణెములు పెట్టెనుండి పెట్టెకు మారి, ఎవరి చేతిని ఎరుగక, అయిదు రెట్లు పెద్దదిగా చూపు అద్దముతో వెదకినను లోపము కనబడక, పూర్తి 70 పొందుచున్నవి. ఒక్క కూరగాయనైన కొని యెరుగని నాణెమునకు నూటికి నూరు మార్కులు! 2021లో న్యూయార్కు వేలములో దాదాపు 1 కోటి 89 లక్షల డాలర్లకు అమ్ముడుపోయి, అంతవరకు ఏ నాణెమునకును రాని ధర పొందిన 1933 నాటి ఇరువది డాలర్ల బంగారు నాణెము తరము 65 మాత్రమే. దాని విలువ అంకెలో లేదు. అచ్చయి, వెలువడక, కరగింపబడిన తన తోడి నాణెముల కథలో కలదు. మరియొక వైపు, ఒక్క అంకెయే సర్వమగుటయు కలదు. 1884లో శాన్ ఫ్రాన్సిస్కో టంకశాల 32 లక్షల మార్గన్ డాలర్లను అచ్చు వేసెను. అవి అరిగిన స్థితిలో సామాన్యునికిని అందుబాటులో నున్నవి. అరుగని స్థితిలో మిక్కిలి అరుదగుటచే వేల, లక్షల డాలర్లు పలుకును. కావున అంకె ఒకచోట సర్వస్వము, మరియొకచోట స్వల్పము. ఏది ఎక్కడనో చెప్పునది నాణెము చరిత్ర తెలిసిన బుద్ధియే గాని అంకె కాదు.

ఈ సత్యమునకు తెలుగుదేశపు నాణెములకన్న మంచి నిదర్శనము లేదు. గోదావరి గట్టుననున్న కోటిలింగాలలో దొరికిన నాణెములు సీసము, రాగి, మిశ్రలోహములతో చేసినవి. అరిగినవి, చిలుము పట్టినవి, అంచులు సరిలేనివి. 70 అంకెల కొలబద్దతో కొలిచినచో వానిలో పెక్కింటికి అట్టడుగు తరమే దక్కును. అయినను గోబద, నారన, సమగోప మున్నగు రాజుల పేర్లు లోకమునకు తెలిసినది ఆ నాణెములవలననే. శాతవాహనుల తొలిరాజైన ఛిముకుని నాణెములును అచ్చటనే లభించి, ఆ వంశపు ఆరంభ చరిత్రపై చరిత్రకారుల దృష్టిని తెలంగాణము వైపు మరల్చినవి. ఒక్క అక్షరము నిలిచిన సీసపు బిళ్ల ఒక రాజును బ్రదికించినది. ఆ అక్షరమును చదువగలిగిన కన్నునకే దాని తరము తెలియును. అట్టి నాణెము ఏ విద్యార్థికైనను పొలములో కనబడినచో, తోముటయు, అమ్ముటయు తగదు. 1878 నాటి నిధి నిక్షేపముల చట్టము ననుసరించి, పది రూపాయల విలువను మించిన భూగత నిధిని ప్రభుత్వాధికారులకు తెలుపుట విధి. 1972 నాటి పురావస్తు చట్టము ప్రకారము నూరేండ్లు నిండిన నాణెము పురావస్తువు. దానిని తరము కట్టించు నెపమునైనను దేశము దాటించుటకు ఎవరికి వారికి స్వేచ్ఛ లేదు. అంతకన్న ముఖ్యముగా, అది దొరికిన చోటు, లోతు, తోడి వస్తువులు వ్రాసి పెట్టుకొనవలెను. చోటు తెలియని నాణెము సగము మూగది.

ఇంతకును అంకె అక్కరలేదని వాదించుట కాదు. అంకె ఒక తీర్పు యొక్క తుదిమాట, తీర్పు కాదు. ఈ సంస్థల పద్ధతిలో పెద్దలోటు ఏమనగా, లోపము గల నాణెమునకు కారణము వ్రాయుదురు. అంకె యిచ్చిన నాణెమునకు మాత్రము అంకె తప్ప కారణము వ్రాయరు. 64 వచ్చినది, 65 ఏల రాలేదు? చెక్కిలిపై గీత వలననా, అచ్చు పలుచనగుట వలననా, నిగ్గు మాయుట వలననా? పెట్టె పలుకదు. కారణము తెలియని అంకె నేర్పునది ఏమియు లేదు. అది నమ్మకమును కోరునే గాని జ్ఞానమును పెంపొందింపదు. జవాబు కాగితముపై నూటికి 64 అని వ్రాసి ప్రక్కన ఒక్క మాటయు వ్రాయని ఉపాధ్యాయుడును ఇట్టివాడే. విద్యార్థికి తన స్థానము తెలియును. తన తప్పు తెలియదు. 'వాదము బాగున్నది, ఉదాహరణ చాలలేదు' అని అంచున వ్రాసిన నాలుగు మాటలు ఆ అంకెకన్న ఎక్కువ కాలము పనిచేయును.

నాణెమునకును విద్యార్థికిని ఒక మౌలికభేదము కలదు. నాణెము ఎంత కాలము గడిచినను మెరుగుపడదు, చెడుటకే అవకాశము. కావున దానిని పెట్టెలో బిగించి, నేటి అంకె రేపటికిని నిలుచునట్లు చేయుట న్యాయము. ఎదుగు పిల్లవాని స్థితి అట్టిది కాదు. నిన్నటి అంకె రేపటికి వర్తింపదు. వానిని అంకెతో పాటు పెట్టెలో బిగించుట, 'వీడు మూడవ తరగతివాడు' అని ముద్ర వేసి అతికివేయుట, షెల్డన్ మనుష్యుల విషయమున చేసిన పొరపాటునే తిరిగి చేయుట. ఆ కొలబద్ద కర్తకు నాణెమునకును మనుష్యునికిని గల ఈ భేదము తోచలేదు.

నాణెములు సేకరింపదలచిన విద్యార్థులకు మంచి మార్గము ఒకటి కలదు. ఇంటి డబ్బాలోని చిల్లర నాణెములలో ఒకే రకమునకు చెందిన పది తీసికొని, అంచులు పట్టుకొని, కిటికీ వెలుతురున వంచి చూచి, మేలైనది మొదలు అరిగినది వరకు వరుసగా పేర్చవలెను. ప్రతిదానికిని ఆ స్థానమేల ఇచ్చినదో ఒక్కొక్క వాక్యము వ్రాయవలెను. తోటివాడు అవే నాణెములను తాను పేర్చి తన కారణములు వ్రాయవలెను. ఇద్దరి వరుసలును ఒక్కటిగా నుండవు. ఎక్కడ భేదించినవో, ఎందుకు భేదించినవో మాటాడుకొనినచో, ఆ గంటలో కన్నునకు కలుగు శిక్షణ వంద పెట్టెలపై అంకెలు చదివినను కలుగదు. ఉపాధ్యాయులు ఇద్దరు ఒకే వ్యాసమును విడివిడిగా దిద్ది, అంకెలు పోల్చుకొని చూచినను ఇట్టి ఫలమే కలుగును.

రూపదర్శకుడు అను ప్రాచీన నామము ఈ సందర్భమున స్మరింపదగినది. రూపమును చూచువాడని దాని అర్థము. అంకె వేయువాడని కాదు. చూచుట ముందు, తరము తరువాత. ఆ వరుస తలక్రిందులైనచో నాణెముల బజారున నష్టము డబ్బుతో పోవును. తరగతి గదిలో అది పిల్లల భవిష్యత్తుకు తగులును.